నిందయు నిర్ణయమును

(మన సంఘ వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చేసిన ఉపన్యాసము)



జీవితమంతయు బడిపిల్లలకు శబ్దములను, సంధులను, సమాసములను చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. సభలలో పలుకు నేర్పు నాకు తక్కువ. ఆహ్వానసంఘమువారు నాకు ‘తగవు తీర్చు పెద్దల ధర్మము’ అను విషయమును ఒసగిరి. ఈ విషయమును గూర్చి ప్రసంగించుటలో ఒక చిక్కు కలదు. ఈ యూరి తగవును దృష్టాంతముగా చెప్పినచో ఒక యింటివారికి నొప్పి. పొరుగూరి తగవును చెప్పినచో మరియొక యింటివారికి నొప్పి. కావున సముద్రముల కావల జరిగిన ఒక వృత్తాంతమును ఎన్నుకొంటిని. అందలి మనుష్యులు మనకు బంధువులు కారు, విరోధులును కారు. అందుచేత వారి తప్పులను మనము నెమ్మదిగా చూడగలము. చూచిన పిమ్మట మన యింటివైపు దృష్టి మరల్చుకొనవచ్చును.

అమెరికాలో మెయిన్ రాష్ట్రమునందలి సాంగర్‌విల్ అను చిన్న యూర 1874వ సంవత్సరమున హారీ ఓక్సు అను నాతడు జన్మించెను. వైద్యము చదువుటకు ప్రవేశించి, 1898లో ఉత్తరదేశమున క్లోండైకు ప్రాంతమునందు బంగారము దొరకుచున్నదని విని, చదువు విడిచి అచ్చటికి పోయెను. అలాస్కాయందును, ఆస్ట్రేలియాయందును, ఇంకను పెక్కుచోట్లను ఏండ్ల తరబడి నేల త్రవ్వెను. తుదకు 1912లో కెనడా దేశమున, ఆంటేరియో ఉత్తరభాగమునందలి కిర్క్‌లాండ్ సరస్సు వద్ద ఆతనికి బంగారము దొరకెను. లేక్ షోర్ అను ఆ గనివలన ఆ దేశపు మహాధనికులలో ఒకడయ్యెను. పిమ్మట అచ్చటి పన్నుల భారమును సహింపలేక, 1930-40 మధ్యకాలమున, అప్పటికి ఇంగ్లీషువారి ఏలుబడిలోనున్న బహామా దీవులకు చేరి, రాజధానియైన నాసౌ పట్టణము చుట్టును విస్తారమైన భూములను కొనెను. విమానములు దిగు మైదానమును నిర్మించెను, పెక్కుమందికి పని కల్పించెను, ధర్మకార్యములకు ధనమిచ్చెను. 1939లో బారనెట్ బిరుదము పొంది సర్ హారీ ఓక్సు అయ్యెను. మాట కటువైనవాడనియు, చేయి ఉదారమైనదనియు ప్రతీతి.

1943వ సంవత్సరము జూలై 7వ తేదీ రాత్రి నాసౌలో గాలివాన కురిసెను. భార్యయు, ఐదుగురు బిడ్డలును ఆ యింట లేరు. ‘వెస్ట్‌బోర్న్’ అను ఆ భవనమున ఆ రాత్రి హెరాల్డ్ క్రిస్టీ అను మిత్రుడు, భూముల వ్యాపారి, అతిథిగా వేరొక గదిలో నిదురించెను. మరునాటి ఉదయము ఆయన వచ్చి చూడగా, ఓక్సు తన శయ్యపై మృతుడై యుండెను. తలపై ఎడమచెవి దాపున నాలుగు గాయములు. శయ్యకు నిప్పంటింపబడి శరీరము కొంత కాలినది. దిండులోని ఈకలు శవముపై చిమ్మబడి యుండెను. అర్ధరాత్రి తన సొంత యింటిలో, తన మంచముపై, అంతటి ధనికుడు ఇట్లు మడిసెను.

ఆ దీవులకు అప్పుడు గవర్నరు విండ్సరు డ్యూకు. 1936లో ఇంగ్లండు సింహాసనమును విడిచిన ఎనిమిదవ ఎడ్వర్డు చక్రవర్తియే ఈయన. ఈయన మొదట హత్యావార్త బయటికి పొక్కకుండ అడ్డగింప యత్నించెను. కాని అచ్చటి పత్రికాసంపాదకుడు అంతకు పూర్వమే తంతి పంపియుండెను. రెండవది, నేరపరిశోధనకు దీవులలోని పోలీసులను నమ్మక, లండనులోని స్కాట్లండు యార్డునకు కబురంపక, అమెరికాలోని మయామీ నగరమునుండి ఇరువురు పోలీసు కెప్టెనులను పిలిపించెను. ఒకడు మెల్చెన్, ఈతడు డ్యూకుగారికి మయామీలో పరిచితుడు. రెండవవాడు బార్కరు, ఈతడు వ్రేలిముద్రల విద్యలో ప్రవీణుడని పేరు. ఆ ప్రవీణుడు వ్రేలిముద్రలకు ఛాయాచిత్రము తీయు ప్రత్యేకమైన కెమెరాను వెంట తెచ్చుకొనక వచ్చెను! ఆ లోపల హత్య జరిగిన గదిలోనికి పలువురు వచ్చుచు పోవుచు వస్తువులను ముట్టుచు నుండిరి.

జూలై 8వ తేదీ ఉదయము శవము కనబడినది. 9వ తేదీననే ఒకనిని బంధించిరి.

ఆ బంధింపబడినవాడు ఓక్సుగారి అల్లుడు, ఆల్‌ఫ్రెడ్ డి మారిన్యీ. మారిషసు ద్వీపమున జన్మించిన ఫ్రెంచి కుటుంబమువాడు. 1942లో ఓక్సుగారి పెద్దకుమార్తె నాన్సీ పదునెనిమిదేండ్లు నిండిన రెండుదినములకే, తల్లిదండ్రులకు తెలియకుండ ఆమెను పెండ్లాడెను. మామకును అల్లునికిని పొసగలేదు. గవర్నరుతోను ఆతనికి సరిపడలేదు. నాసౌ నగరపు దొరలకు ఆతడు పరాయివాడు, మాటజాగ్రత్త లేనివాడు. ఇట్టివానిని హంతకుడని చెప్పినచో ఆ పట్టణమున నమ్మనివారు అరుదు. ఆ రాత్రి ఆతడు తన యింట విందు చేసి, అతిథులుగా వచ్చిన ఇరువురు స్త్రీలను కారులో వారి బసకు చేర్చెను. ఆ త్రోవ వెస్ట్‌బోర్న్ మీదుగా పోవునదే. ఆతని రోమములు కొన్ని కాలియున్నవని పరిశోధకులు చెప్పిరి. విందునాడు గాలికి ఆరని చిమ్నీదీపములను వెలిగించితినని ఆతడు చెప్పెను.

అక్టోబరు 18వ తేదీని విచారణ ఆరంభమయ్యెను. రుజువై మరణశిక్ష పడినచో ఆతనికి ఉరి. రుజువులలో ప్రధానమైనది ఒక్కటే: ఆతని కుడిచేతి చిటికెనవ్రేలి ముద్ర. హత్య జరిగిన గదిలోని చీనాదేశపు మడతతెరపై అది దొరకినదని బార్కరు సాక్ష్యమిచ్చెను. గదిలో ముద్ర దొరకినచో మనుష్యుడును అచ్చటికి వచ్చినట్లే గదా!

ప్రతివాది వకీలు గాడ్‌ఫ్రీ హిగ్సు నెమ్మదిగా ప్రశ్నింప మొదలిడెను. ఆ ముద్ర తెరపై నుండగా ఛాయాచిత్రమేల తీయలేదు? దానిని రబ్బరుపై ఎక్కించి తెరపైనున్న ఆనవాలునే లోపింపజేయనేల? తెరపై ఏ చోటనుండి తీసితివి? ఈ తుది ప్రశ్నకు బార్కరు నిశ్చయమైన సమాధానము చెప్పలేకపోయెను. ముద్ర వెనుక కనబడు గుర్తులు ఆ తెరయొక్క ఉపరితలముతో సరిపోలుట లేదని ప్రతివాదిపక్షపు నిపుణుడు చూపెను. డి మారిన్యీని ఆ భవనపు పై అంతస్తునకు కొనిపోయి ప్రశ్నించినది ముద్ర తీసిన పిమ్మట, మధ్యాహ్నము దాటిన తరువాతనని పరిశోధకు లిరువురును చెప్పిరి. కాని అది ఆనాటి ఉదయమే యని సాక్ష్యములవలన తేలెను. ఇంకొక విచిత్రము. హత్యానంతరము మెల్చెన్, బార్కరు లిరువురును కలిసి మెయిన్ రాష్ట్రమునకు ప్రయాణించి ఓక్సుగారి భార్యను కలిసిరి. అంతటి ముఖ్యమైన ముద్ర దొరకినదను మాటను, బార్కరు ఆమెతో చెప్పుచుండగా విను వరకు, తోటి పరిశోధకుడైన మెల్చెన్ ఎరుగడట! అల్లుని చేతికి వేరొక వస్తువునిచ్చి, దానినుండి ఆ ముద్రను సంగ్రహించియుందురని ప్రతివాదిపక్షము వాదించెను.

నవంబరు మాసమున జూరీ రెండుగంటలలోపుననే తీర్పు చెప్పినది. తొమ్మండుగురు నిర్దోషియనియు, ముగ్గురు దోషియనియు పలికిరి. డి మారిన్యీ విడుదలయ్యెను. ఐతే, అదే జూరీ ఆతనిని దీవులనుండి వెడలగొట్టవలసినదని కూడ సిఫారసు చేసెను! నేరము చేయలేదని చెప్పిన నోటితోనే, నీవు మాయూర నుండరాదని చెప్పిరి. ఆతడు భార్యతో క్యూబాకు పోయెను. 1949లో ఆ వివాహమును విచ్ఛిన్నమయ్యెను. 1998లో మరణించు వరకు ఆతడు ఆ హత్యను గూర్చి ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనుచునే యుండెను. తన పక్షమున రెండు గ్రంథములను వ్రాసెను. హత్యానేరమునకు ఆతడు గాక మరియెవ్వడును ఎన్నడును న్యాయస్థానమున నిలువలేదు. ఎనుబదియేండ్లు దాటినను ఓక్సుగారిని ఎవరు చంపిరో నేటికిని నిర్ణయింపబడలేదు. తరువాత వెలువడిన పుస్తకములలో ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పుదురు. ఆ పేర్లను నేను ఈ వేదికపై చెప్పను. రుజువు లేని పేరును చెప్పరాదనుటకే గదా ఈ కథను ఎత్తుకొంటిని.

మహాశయులారా! ఇచ్చట జరిగిన దోషమును మన శాస్త్రపరిభాషలో చెప్పవచ్చును. న్యాయశాస్త్రము చదివినవారికి పర్వతము, పొగ, అగ్ని యను దృష్టాంతము తెలియును. పర్వతమున పొగను చూచి, పొగ యున్నచోట అగ్ని యుండునను నియమమును స్మరించి, అగ్ని కలదని ఊహింతుము. పొగ ముందు, నిర్ణయము తరువాత. నాసౌలో అగ్ని కలదని ముందే నిశ్చయించుకొని, పిమ్మట పొగను వెదకబోయిరి. వెదకువానికి మంచుకూడ పొగవలెనే కనబడును.

దీనివలన ఇరువురికి ద్రోహము జరిగినది. అల్లునికి జరిగినది అందరును ఎరుగుదురు. చనిపోయినవానికి జరిగిన ద్రోహమును గూర్చి తక్కువమంది తలచెదరు. ఆ మొదటి రెండుదినములే గది మాటలాడు దినములు. నేలపై అడుగు, గోడపై మరక, కాలిన పరుపు, ఇవి కొంతకాలమే సాక్ష్యమిచ్చును. ఆ దినములను ఒకని వెంట పరువెత్తుటలో వ్యర్థము చేసిరి. తండ్రిని పోగొట్టుకొన్న నాన్సీకి ‘నీ తండ్రిని చంపినది వీడు’ అని చెప్పగలవాడు లేకపోయెను. తప్పుడు నింద న్యాయమునకు మొదటిమెట్టు కాదు. అది న్యాయమునకు పోవు త్రోవను మూయును.

వ్రేలిముద్రల విద్యకు మన దేశముతో సంబంధము కలదు. 1858లో బంగాళమునందలి హుగ్లీ ప్రాంతమున హెర్షెలు అను దొర ఒక కంట్రాక్టు పత్రముపై రాజ్యధర్ కొనాయి అను నాతని చేతిముద్రను వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము స్థాపింపబడెను. ఎడ్వర్డు హెన్రీ దొర పేర ప్రసిద్ధమైన వర్గీకరణపద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హకు, హేమచంద్ర బోసు అను మనవారు ఇరువురు శ్రమించిరి. స్కాట్లండు యార్డువారు దానిని 1901లో స్వీకరించిరి.

ఆ కలకత్తా కార్యాలయపు తొలిదినములలోనే, జల్పాయిగురి ప్రాంతమున ఒక తేయాకుతోట మేనేజరు తన యింటిలో శయ్యపై హత్య చేయబడెను. ఆతని పెట్టెలో బంగాళీ పంచాంగమొకటి యుండెను. దానిపై నెత్తుటి వ్రేలిమరక. పూర్వము ఆ యింట పనిచేసి, దొంగతనమునకు జైలుకు పోయివచ్చిన సేవకుని కుడి బొటనవ్రేలితో అది సరిపోలినది. 1898లో విచారణ జరిగినది. న్యాయస్థానమువారు ఏమి చేసిరి? ఆ సేవకుడు దొంగతనము చేసెనని శిక్షించిరి. హత్య చేసెనని మాత్రము చెప్పలేదు. పంచాంగమును ముట్టినవాడు వీడని ముద్ర చెప్పినది. కత్తి పట్టినవాడెవడో అది చెప్పలేదు. ఆతనిపై జాలిపడి అట్లు చేసిరని తలపరాదు. తెలిసినంతవరకే పలికి, తెలియనిచోట ఆగిరి. నాసౌలో ఆ విద్యయే, ఆ వ్రేలిముద్రయే. ఆగవలసినచోట ఆగువారు లేకపోయిరి.

ఈ యెరుక మనకు క్రొత్తదికాదు. భారతమున మాండవ్యమహర్షి కథ కలదు. దొంగలు ఆయన ఆశ్రమమున సొత్తు దాచిరి. మౌనవ్రతమున నున్న మహర్షి భటుల ప్రశ్నలకు సమాధానము చెప్పలేదు. సొత్తు దొరకినది, మౌనమే ఒప్పుకోలని తలచి రాజు ఆయనను కొఱ్ఱు వేయించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నేరవిచారణను చెప్పుచు ఈ మాండవ్యునే పేర్కొని, బాధకు వెరచి దొంగ కానివాడును దొంగనని చెప్పవచ్చునని హెచ్చరించెను. అకస్మాత్తుగా మరణించినవాని శరీరమును ఎట్లు పరీక్షింపవలెనో ప్రత్యేకముగా ఒక ప్రకరణమునే వ్రాసెను. శవమును చూచి, గాయమును చూచి, ఆతనితో మెలగినవారిని అడిగి, పిమ్మటనే పేరు పలుకవలెనని ఆ క్రమమువలన మనము నేర్వవచ్చును.

ఇంతవరకు పరుల కథ చెప్పితిని. ఇక నా కథ చెప్పనిచో ఈ ఉపన్యాసము అసత్యమగును.

1988వ సంవత్సరమున నేనొక పల్లెటూరి ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయుడను. పిల్లలవద్ద వసూలు చేసిన పరీక్షరుసుము, మూడువందల నలుబది రూపాయలు, నా బల్లసొరుగులో నుంచితిననుకొంటిని. సాయంకాలము చూడగా లేదు. ఆ మధ్యాహ్నము కుండలో నీరు పోయుటకు తొమ్మిదవ తరగతి బాలుడొకడు గదిలోనికి వచ్చియుండెను. పిలిచి అడిగితిని. వాడు తలవంచుకొని నిలిచెను, పలుకలేదు. మాండవ్యుని కథను అంతకు పదిదినముల ముందు ఆ తరగతికి చెప్పినవాడను నేనే. ఐనను ఆ మౌనమునకు నేను వేరొక యర్థము తోపనీయలేదు. పదిమంది యెదుట దొంగ యంటిని. తండ్రి వచ్చి, ఇంటనున్న మేకలను అమ్మి సొమ్ము చెల్లించెను. బాలుడు మరునాటినుండి బడికి రాలేదు.

నాలుగు నెలల పిమ్మట పాత హాజరుపట్టీలను కట్టకట్టుచుండగా ఒకదాని అట్టలోనుండి ఆ నోట్లు జారిపడినవి. అచ్చట పెట్టినది నా చేయియే.

సొమ్ము పట్టుకొని వారి యింటికి పోయితిని. ఆ తండ్రి నన్ను ఒక్కమాట యనలేదు. అరుగుపై కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చెను. సొమ్ము చాపగా, “డబ్బు తరువాత ఇద్దురుగాని, అయ్యవారూ! ముందు మావాడు దొంగ కాదని ఆ రచ్చబండ దగ్గర నలుగురూ వినేటట్టు ఒక్క మాట చెప్పండి” అనెను. పోయి చెప్పితిని. విన్నవారు కొందరు, విననివారు పెక్కుమంది. బాలుడు అప్పటికే పట్టణమున ఏదో పనికి కుదిరియుండెను. తిరిగి బడికి రాలేదు.

ఒక్కమాట చెప్పి ముగింతును. ఆ బాలుడు మన కులమువాడు కాడు. మన యింటిబిడ్డయే ఆనాడు నీరు పోసియున్నచో నేను అంత తొందరగా దొంగ యని యుందునా? సొరుగును మరల వెదకియుందును, పట్టీలను దులిపియుందును, ఆ రాత్రి నిదురించి తెల్లవారిన పిమ్మట ఆలోచించియుందును. డి మారిన్యీ నాసౌవారికి పరాయివాడైనట్లే, ఆ బాలుడు నాకు పరాయివాడు. ఈ మాటను ముప్పదేండ్లకు పైగా ఎవరితోను చెప్పలేదు. మన సంఘమువారి యెదుటనే చెప్పవలెనని నేడు తోచినది.

సంఘములు కట్టుకొనుట మంచిదే. విద్యార్థివసతులు, వేతనములు, పేదయింటి పెండ్లిండ్లు, ఇవి మన సంఘమువలన జరుగుచున్నవి, పోషకులకు ఋణపడియున్నాము. కాని సంఘమునకు ఒక ప్రమాదము కలదు. లోపలివాని తప్పు చిన్నదిగాను, వెలుపలివాని తప్పు పెద్దదిగాను కనబడును. లోపల సయితము, పలుకుబడి గలవాని తప్పు చిన్నది, దిక్కులేనివానిది పెద్దది. పూర్వము అపవాదు ఊరు దాటుటకు ఒక దినము పట్టెడిది. నేడు అరచేతిలోని ఫోనునందు భోజనమునకు కూర్చుండి లేచులోపల పది జిల్లాలు తిరిగి వచ్చును.

కావున తగవులకు కూర్చుండు పెద్దలకు నాలుగు విన్నపములు. నేరమైనదానిని మనలో మనము మాపరాదు; పోలీసులకును, న్యాయస్థానమునకును ఒప్పగింపవలెను. రెండవది, నిందపడినవాని మాట విననిదే ఆతని పేరు సభలోగాని, ఫోనులోగాని పలుకరాదు. ఆతడు పలుకనిచో ఏల పలుకలేదో తెలిసికొనవలెను. మూడవది, చూచినవారు చూచినదానిని ఆనాడే వ్రాయించి, విన్నదానిని వేరుగా ఉంచవలెను. నాలుగవది, నింద తప్పని తేలినచో, ఎచ్చట నిందించితిమో అచ్చటనే, ఎంత గట్టిగా నిందించితిమో అంత గట్టిగా, తప్పని చెప్పవలెను. నాలుగవదానిని నాకు నేర్పినవాడు అక్షరము రాని ఒక తండ్రి.

వెస్ట్‌బోర్న్ గదిలోని ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు ఇక బ్రతికియుండరు. ‘ఎవరో తెలియదు’ అని చెప్పుటకు పెద్దలకు కొంత ధైర్యము కావలెను. రేపు మన ముందుకు తగవు వచ్చి, రుజువు చాలనినాడు, ఆ మాట చెప్పుటకు సిగ్గుపడకుందుము గాక.